ఇరుసుకు కందెన

మా ఇంటి ముందున్న వేపచెట్టు నీడలో ఒక పాత జిప్సీ నిలిచి ఉంటుంది. సైన్యంలో సేవచేసి, వేలంలో అమ్ముడుపోయి, రెండు చేతులు మారి నా వద్దకు చేరిన బండి అది. మారుతీ సంస్థ 1985లో ఈ వాహనాన్ని మన దేశంలో ప్రవేశపెట్టింది. 2019 నాటికి దాని తయారీ ఆగిపోయింది. చూడడానికి చిన్నది. కూర్చోవడానికి సుఖమైనదని దాన్ని ప్రేమించేవారు కూడా అనరు. కాని అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ యంత్రశక్తిని పంచగల సామర్థ్యం దానికున్నది. ప్రబంధాలు పాఠం చెప్పుకొనేవానికి ఇటువంటి బండి దేనికని సహోద్యోగులు పరిహసించేవారు. వారికి మా అన్నయ్య పొలానికి పోయే బాట తెలియదు.

నేను ఉండేది మొయినాబాదులో. అన్నయ్య సేద్యం చేసేది చేవెళ్ళకు ఆవల ఒక చిన్న పల్లెలో. మొయినాబాదు నుండి చేవెళ్ళకు పోయే బీజాపూరు రహదారి మర్రిచెట్లకు పేరుపొందినది. ఆ నీడల కింద ప్రయాణం హాయిగానే సాగుతుంది. చేవెళ్ళ దాటి, కూరగాయల తోటలూ పూలతోటలూ గడచి, పల్లెబాట పట్టిన తరువాతనే అసలు పరీక్ష. అక్కడిది నల్లరేగడి నేల. వేసవిలో రాయివలె గట్టిగా ఉండి, వానకాలంలో పిసికిన పిండివలె మెత్తబడుతుంది. నడుమ ఒక వాగు. మామూలు కారు వానకాలంలో ఆ బాటన పోలేదు. అమ్మ అన్నయ్య వద్దనే ఉంటుంది. కాబట్టి జిప్సీ నాకు విలాసం కాదు, అమ్మను చూచి రావడానికి సాధనం.

2020 అక్టోబరులో కురిసిన వానను ఈ ప్రాంతంవారు ఇప్పట్లో మరువలేరు. 13వ తేదీన ఆకాశానికి చిల్లులు పడినట్లు కురిసింది. హిమాయత్‌సాగర్ నిండి గేట్లు ఎత్తవలసి వచ్చింది. హైదరాబాదులో కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. ఆ వానలకే అన్నయ్య ఇంటి వెనుక గోడ కూలింది. తడిసిన ఇంట్లో అమ్మకు జ్వరం పట్టుకొన్నది. రెండు రోజుల తరువాత అన్నయ్య ఫోనుచేసి, "తమ్మీ, అమ్మను నీ తాన్కి తీస్కపో. ఈడ ఉండేటట్టు లేదు" అన్నాడు.

వెళ్ళాను. వాగు ఇంకా పూర్తిగా తీయలేదు. అన్నయ్య ఆవలి గట్టు నుండి కర్రతో లోతు చూచుకొంటూ నడిచివచ్చి, రమ్మని చేయి ఊపాడు. నాలుగు చక్రాలకు శక్తినిచ్చే మీటను వేసి, అన్నిటికంటె చిన్న గేరులో బండిని నీటిలోకి దింపాను. నీరు చక్రాలలో సగానికి పైగా వచ్చింది. బండి ఒక్కసారికూడా తడబడలేదు. అమ్మను ఎక్కించుకొని అదే దారిన తిరిగి వచ్చాను. ఈనాడు తలచుకొంటే అది చేయదగిన సాహసం కాదని తెలుస్తున్నది. పారే నీటికి మన లెక్కలతో పనిలేదు. ఆనాడు మాత్రం గర్వంగానే ఉండినది.

మొయినాబాదు చేరి, అమ్మను మంచంమీద పడుకోబెట్టి, వేడి కాఫీ ఇచ్చాను. రెండు గుక్కలు తాగి ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది: "నీళ్ళల్లకెల్లి దాటినం గదా, ఇరుసుకు కందెన వెట్టినవా బిడ్డా?"

నాకు నవ్వు వచ్చింది. "ఇది ఎడ్లబండి కాదమ్మా, మోటారు బండి. దీనికి కందెన అక్కరలేదు" అన్నాను.

ఆమె మరి మాట్లాడలేదు. జ్వరం కదా అనుకొన్నాను.

కందెన అనే మాటను నేటి విద్యార్థులలో చాలామంది విని ఉండరు. ఎడ్లబండి ఇరుసుకూ చక్రపు కుండకూ నడుమ ఒరిపిడి తగ్గడానికి పూసే జిడ్డుపదార్థమే కందెన. మా నాయన వరిగడ్డి కాల్చి, ఆ మసిని ఆముదంలో కలిపి మెత్తగా నూరేవాడు. దానిని ఒక వెదురుగొట్టంలో నింపి బండి కింద వేలాడగట్టేవాడు. దూరప్రయాణమైనా, వాగు దాటినా, బండిని నిలిపి, శీల ఊడదీసి, చక్రాన్ని కొంచెం పక్కకు జరిపి, ఇరుసుకు కందెన పూసిన తరువాతనే ఎడ్లను మళ్ళీ కాడికి కట్టేవాడు. నీరు కందెనను కడిగివేస్తుంది. కడిగిన ఇరుసు ఎండగానే కిర్రుమంటుంది, ఆపైన వేడెక్కుతుంది, చివరకు అరిగి విరుగుతుంది. ఇది మా అమ్మకు పుస్తకం చదవకుండానే తెలిసిన విషయం.

పుస్తకాలలో లేని విషయమూ కాదు. సుమతీ శతకకారుడు కరణాలను మంచిచేసుకొనవలసిన అవసరాన్ని చెబుతూ తెచ్చిన ఉపమానం ఈ కందెనదే. ఆయన దృష్టాంతానికి తీసుకొన్నది మనబోటి వారి బండిని కాదు, సాక్షాత్తు పరమేశ్వరుని బండిని. త్రిపురాసుర సంహారవేళ శివునికి భూమి రథమైనదనీ, సూర్యచంద్రులు చక్రాలైనారనీ, బ్రహ్మ సారథియైనాడనీ పురాణగాథ. ఆ రథానికి కూడా ఇరుసున్నది, ఆ ఇరుసుకు కూడా కందెన కావాలి. ఈ పద్యాన్ని తరగతిలో ఎన్నిమార్లు వివరించి ఉంటానో లెక్కలేదు. అయినా నా బండికి మాత్రం అక్కరలేదని అమ్మతో అన్నాను.

ఏడాదికి పైగా గడిచింది. ఇంజను నూనె వేళకు మార్పించాను. అద్దాలు తుడిపించాను. చక్రాలకు గాలి నింపించాను. కనబడే వాటిని చూచుకోవడంలో లోపమేమీ చేయలేదు. 2022 తొలినాళ్ళలో బండి వెనుకభాగం నుండి ఒక రొద మొదలయింది. దూరాన ఎవరో తంబురా మీటుతున్నట్లు సన్నని ఏకశ్రుతి. వేగం పెరిగితే శ్రుతి పెరిగేది. టైర్ల చప్పుడని సమాధానపడ్డాను. తరువాత రేడియో పెట్టుకోవడం మొదలుపెట్టాను. రోగం కనబడకుండా దుప్పటి కప్పడం వంటిదే ఇది. వేసవి వచ్చేసరికి రేడియోను మించి రొద వినిపించసాగింది.

మొయినాబాదులో రహదారి పక్కన ఒక పాత మేస్త్రీ ఉన్నాడు. అరవై దాటినవాడు. చిన్ననాటి నుండి జీపులూ జిప్సీలూ చూచినవాడు. ఆయన నా పక్కన కూర్చొని, "నడపుండ్రి సార్" అన్నాడు. కొంత దూరం పోయిన తరువాత, "ఇగ కాలు తియ్యుండ్రి" అన్నాడు. యాక్సిలరేటరు మీద కాలు తీయగానే రొద గొంతు మారింది. ఆయన తల ఊపాడు.

"ఎనక హౌసింగ్ ఏడుస్తున్నది సార్. దాని నూనె మార్శి ఎన్నేండ్లాయె?"

"ఆరునెలలకు ఒకసారి మార్పిస్తూనే ఉన్నాను మేస్త్రీ!"

"అది ఇంజను నూనె. నేను అడిగింది హౌసింగుది."

నావద్ద సమాధానం లేదు. ఆ బండికి ఇంజనులో గాక మరి నాలుగుచోట్ల చమురు ఉంటుందని ఆనాడే నాకు తెలిసింది. గేరుబాక్సులో ఒకటి. ఇంజను శక్తిని ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో మరొకటి. ముందు ఇరుసు నడుమ, వెనుక ఇరుసు నడుమ కుండవలె ఉబ్బి కనబడే రెండు డిఫరెన్షియళ్ళలో మిగిలిన రెండు. మేస్త్రీలు ఈ కుండనే హౌసింగ్ అంటారు. ఈ నాలుగింటికీ కలిపి పట్టేది సుమారు అయిదున్నర లీటర్ల చమురు మాత్రమే. ఇంజను నూనెవలె ఇది మండదు, తరగదు. అందువల్లనే ఎవరికీ గుర్తురాదు.

బండి కిందికి దూరిన మేస్త్రీని గమనిస్తూ నేనుకూడా గోనెపట్టా పరచుకొని పడుకొన్నాను. హౌసింగుకు రెండు బిరడాలున్నాయి. అడుగున ఉన్నది పాత చమురు వదలడానికి, నడుమ ఉన్నది కొత్తది నింపడానికి. ఆయన అడుగుదాన్ని ముట్టలేదు. నింపే బిరడాకు తుప్పు వదిలే నూనె కొట్టి, పానా పట్టించి, దానితో పెనుగులాడసాగాడు.

"కారవలసింది కిందినుంచి కదా మేస్త్రీ?" అన్నాను.

"ముందుగాల పైది రావాలె సార్. పైది రాకుంటే కింది దాన్ని ముట్టొద్దు. ఉన్న నూనె పారబోసుకున్నంక నింపెతందుకు తొవ్వ దొరకకుంటే బండి ఈడనే పడి ఉంటది" అన్నాడు.

నలభై ఏళ్ళుగా పుస్తకాల మధ్య బ్రతికిన నాకు ఇంత చిన్న మాటలో ఇంత క్రమం ఉండగలదని తోచలేదు. పై బిరడా కదిలింది. అప్పుడు కిందిదాన్ని విప్పాడు. తేనెరంగులోనో, నల్లగానో జారవలసిన చమురు బూడిదరంగు కలిసిన పాలవలె చిక్కగా తొట్టిలోకి పడింది. మేస్త్రీ నావైపు తిరిగి, "ఏంది సార్, దీంట్ల చాయ్ పోసిన్రా?" అన్నాడు.

అది చాయ్ కాదు. రెండేళ్ళనాటి వాగునీరు.

ఎట్లా చేరిందో ఆయనే వివరించాడు. దూరం నడిచిన బండి హౌసింగు వేడిగా ఉంటుంది. లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. ఆ వేడిమీద చల్లని నీటిలో దింపితే లోపలి గాలి ఒక్కసారిగా సంకోచిస్తుంది. లోపల ఏర్పడిన వెలితిని పూరించడానికి బయటినుండి ఏదో ఒకటి రావాలి. హౌసింగు పైభాగాన గాలి పీల్చుకోవడానికి చిన్న రంధ్రంగల ఒక మూత ఉంటుంది. మా బండికి అది బురదతో పూడిపోయి ఉన్నది. గాలికి దారిలేక, ఇరుసుల వద్ద ఉండే రబ్బరు సీళ్ళ సందులనుండి నీరు లోపలికి పీల్చుకోబడింది. చమురుతో కలిసిన నీరు లోహాన్ని కాపాడదు. పైపెచ్చు తుప్పుపట్టిస్తుంది. అడుగు బిరడా కొనకు అయస్కాంతం ఉన్నది. దానికి అంటిన మెత్తని లోహపు గుజ్జును మేస్త్రీ వేళ్ళ నడుమ రుద్ది చూచాడు. మెత్తని గుజ్జు సహజమేనట, అది ఏ బండిలోనైనా అరుగుదల చిహ్నం. గుజ్జులో ఆయన వేలికి తగిలింది చిన్న పెచ్చు. అది సహజం కాదు. పినియన్ బేరింగు గుంటలు పడి ఉన్నది. అదే నేను విన్న తంబురా.

అమ్మను దాటించిన బండి ఆనాడే నీరు మింగింది. ఏడాదిన్నర పాటు ఆ నీటితోనే నన్ను రోజూ చేవెళ్ళకు తీసుకుపోయి తెచ్చింది. అమ్మ అడిగిన మాట ఆ గోనెపట్టామీద పడుకొని ఉండగా గుర్తుకు వచ్చింది.

డిఫరెన్షియల్ అనేది నిజానికి ఒక చక్కని ఊహ. ఎడ్లబండికి దాని అవసరం లేదు. ఎందుకంటే ఇరుసు కదలకుండా ఉంటుంది, రెండు చక్రాలూ దేనికది స్వేచ్ఛగా తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోయినా చిక్కులేదు. ఎడ్లు లాగుతున్నాయి కాబట్టి చక్రాలకు పని చెప్పవలసిన అవసరం లేదు. ఇంజను వచ్చి చక్రాలనే తిప్పవలసి వచ్చినప్పుడు సమస్య పుట్టింది. రెండిటినీ ఒకే కడ్డీకి బిగిస్తే మలుపులో ఏదో ఒకటి నేలమీద ఈడ్చుకుపోతుంది. రెండిటినీ తిప్పాలి, అయినా వాటి వేగాలలో తేడాకు చోటివ్వాలి. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగంలో ఫ్రాన్సు దేశానికి చెందిన పెక్కూర్ ఒక ఆవిరిబండి కోసం దీనికి పరిష్కారం చూపాడు. ఆయన గడియారాలు చేసేవాడు. చిన్న పళ్ళచక్రాలతో బ్రతికినవానికే ఈ ఊహ తట్టడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఈ ఏర్పాటులో ఒక బలహీనత ఉన్నది. రెండు చక్రాలలో ఒకటి బురదలో పట్టుతప్పితే, అడ్డులేని ఆ చక్రమే గిరగిర తిరుగుతుంది. గట్టినేలమీద ఉన్న రెండవది కదలకుండా నిలుస్తుంది. కర్ణపర్వం చెప్పేటప్పుడు రథచక్రం కుంగిన ఘట్టం వద్ద నాకిప్పుడు ఇది జ్ఞప్తికి వస్తుంది. తిక్కన సోమయాజి తెలుగు చేసిన ఆ ఘట్టంలో కర్ణుడు రథం దిగి చక్రాన్ని ఎత్తబోతాడు. ఒక్క చక్రం కుంగినందుకు మహారథి అంతటివాడు నేలమీదికి రావలసి వచ్చింది. బురదబాటలో చిక్కుకొన్న జిప్సీ యజమానికి కూడా గతి అదే, ముందు చక్రాలకు శక్తినిచ్చే రెండవ మీట లేకుంటే.

మేస్త్రీ బేరింగూ సీళ్ళూ మార్చి, గాలిమూతను శుభ్రం చేసి, కొత్త చమురు పోశాడు. మిగిలిన మూడుచోట్ల మట్టం చూచి, నీరు చేరలేదని నిర్ధారించాడు. "ఎనకది వెయ్యి కిలోమీటర్లకు మల్ల మార్వాలె. తేమ ఇంకింత ఉంటది. గప్పుడు నాలుగూ మార్చుకోండ్రి" అన్నాడు. నేనే స్వయంగా చేస్తానన్నాను. ఆయన నవ్వలేదు. అందుకు నేటికీ కృతజ్ఞుణ్ణి. ఒక కాగితంమీద నాలుగుచోట్ల కొలతలు చెప్పి వ్రాయించాడు: గేరుబాక్సుకు లీటరూ మూడువందల మిల్లీలీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసుకు ఎనిమిది వందలు, ముందు హౌసింగుకు రెండు లీటర్లు, వెనుకదానికి లీటరున్నర. "కొలత కన్న బిరడా మాట వినుండ్రి. నూనె రంధ్రం అంచుకొచ్చి ఒక్క బొట్టు బయటపడాలె. గంతే" అన్నాడు.

చమురులోనూ భేదమున్నది. దుకాణంలో ఏ గేరు ఆయిలైనా ఒకటే అనుకొనేవారు చాలామంది, నేనూ వారిలో ఒకణ్ణి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఏర్పరచిన తరగతులలో జీఎల్-4 అని ఒకటి, జీఎల్-5 అని ఒకటి ఉన్నాయి. హౌసింగులోని పెద్ద పళ్ళచక్రమూ పినియనూ ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాక తీవ్రమైన ఒత్తిడితో జారుతాయి కూడ. ఆ ఒత్తిడికి మామూలు చమురుపొర చీలిపోతుంది. అందుకని జీఎల్-5లో గంధకమూ భాస్వరమూ గల ద్రవ్యాలను ఎక్కువ పాలులో కలుపుతారు. అవి లోహంమీద ఒక రక్షణపొరను ఏర్పరుస్తాయి. గేరుబాక్సులో మాత్రం గేర్లు మెత్తగా కలవడానికి ఇత్తడి వలయాలు ఉంటాయి. హౌసింగుకు ప్రాణరక్ష అయిన ఆ గంధకద్రవ్యాలలో కొన్ని ఇత్తడిని తినివేయగలవు. ఒకచోటి ఔషధం మరొకచోట విషం. పెద్ద అంకె ఉన్నది మేలైనదని గేరుబాక్సులో జీఎల్-5 పోయరాదు. వాహనంతో వచ్చిన పుస్తకంలో ఏది చెప్పారో అదే పోయాలి.

సంస్కృతంలో 'స్నేహం' అంటే చెలిమి మాత్రమే కాదు, చమురు కూడా. జిడ్డు, అంటుకొనే గుణం అన్నది దాని మొదటి అర్థం. దీపంలోని స్నేహం తరగితే వెలుగు తరుగుతుందని శ్లేషించడం కవులకు అలవాటు. రెండు గట్టివస్తువులు ఒకదాన్నొకటి తాకుతూనే ఒకదాన్నొకటి గాయపరచకుండా నడుమ నిలిచేదే స్నేహం. ఇన్నేళ్ళూ ఆ శ్లేషను అలంకారంగానే చెప్పాను. బేరింగుమీది గుంటలను వేలితో తడిమిన తరువాత కొంచెం వేరుగా చెబుతున్నాను.

ఆనాడు మేస్త్రీ షెడ్డులో మరొకటి కూడా చూచాను. ఆ పాలరంగు చమురును ఆయన నేలపాలు చేయలేదు. గరాటు పెట్టి, మూలనున్న ఒక ఇనుప డ్రమ్ములో పోశాడు. వాడిన చమురు కొనుగోలుచేసే బండి నెలకొకసారి వచ్చి తీసుకుపోతుందట. "మోరీల పోస్తే ఎటువోతది సార్? మన నీళ్ళల్లకే గదా" అన్నాడు.

ఆ మాటకు నేను తల దించుకొన్నాను. కారణమున్నది. కొన్నేళ్ళ క్రితం మా ఇంటి కట్టెదడికి చెదలు పట్టకుండా పూయడానికి ఒక డబ్బా నిండా వాడిన నూనె తెచ్చాను. చాలామంది చేసే పనే అది. పూయగా మిగిలినది, మూడు లీటర్లకు తక్కువ ఉండదు, దడి మూలన గుంటలో ఒలకబోశాను. తొలకరి వానకు ఆ పక్కన పారే కాలువమీద రంగురంగుల పొర తేలింది. ఊదా, ఆకుపచ్చ, బంగారువన్నె. ఇంద్రధనుస్సు నేలకు దిగినట్లున్నదని మురిసి, మరునాడు తరగతిలో వర్ణనకు ఉదాహరణగా చెప్పాను. విద్యార్థులు శ్రద్ధగా విన్నారు.

ఆ కాలువ ఎక్కడికి పోతుంది? మొయినాబాదు భూమి రెండు జలాశయాల నడుమ ఉన్నది. ఒకవైపు మూసీపై కట్టిన ఉస్మాన్‌సాగర్, మరొకవైపు ఈసీపై కట్టిన హిమాయత్‌సాగర్. ఇక్కడ పడిన వానచుక్క ఏ వాలుకు జారినా సాధారణంగా ఈ రెండిటిలో ఒకదానినే చేరుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచి వేలమందిని బలిగొన్న తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఈ జలాశయాల నిర్మాణం జరిగింది. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయినాయి. వరద నుండి కాపాడడానికి పుట్టిన చెరువులు నగరానికి దాహం తీర్చేవిగా కూడా మారాయి. వాటికి నీరు తెచ్చే ప్రాంతంలో కాలుష్య పరిశ్రమలు రాకుండా 1996లో 111వ సంఖ్యగల ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామాలకు ఆంక్షలు విధించింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69వ సంఖ్య ఉత్తర్వు, నీటి నాణ్యత చెడరాదన్న షరతుతో, ఆ ఆంక్షలను తొలగించింది. ఆ వేసవిలో మా ఊరిలో ఏ అరుగుమీద విన్నా ఈ చర్చే. భూముల ధరల గురించి, రాబోయే భవనాల గురించి నేనూ ఎన్నో అభిప్రాయాలు చెప్పాను. నా దడి మూలన గుంట గురించి మాత్రం ఎవరూ అడుగలేదు, నేనూ చెప్పలేదు.

వాడిన చమురును మన దేశపు నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల కోవలో చేర్చాయి. అనుమతి పొందిన శుద్ధికేంద్రాలకే దానిని అప్పగించాలి. అక్కడ నీటినీ మలినాలనూ వేరుచేసి, శూన్యపీడనంలో బట్టీపట్టి తిరిగి మూలచమురును రాబట్టవచ్చు. 2024 ఏప్రిల్ నుండి చమురు తయారుచేసే సంస్థలమీద కూడా ఆ బాధ్యత పడింది. అరుగుతుందే తప్ప చమురు చావదు. ఇది ఎక్కడ చేరవలసి ఉన్నదో అక్కడికి చేర్చడమే కష్టం.

ఆ ఏడు దసరా సెలవులలో జిప్సీతోపాటు రెండు రకాల చమురు, గరాటు, రెండు గజాల గొట్టం, పానాలు తీసుకొని అన్నయ్య ఊరికి పోయాను. మొయినాబాదు నుండి నడిచివచ్చిన వేడి ఉండగానే పాత చమురు వదలాలి. వేడిలో అది పలచబడి, అడుగున చేరిన మలినాన్ని కూడా తీసుకొని పోతుంది. కళ్ళంలో చదునైన చోట బండి నిలిపి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టాను. ఇంటర్మీడియట్ చదువుతున్న అన్నయ్య కొడుకు సాయానికి వచ్చాడు. ముందుగా నాలుగుచోట్లా నింపే బిరడాలు కదులుతున్నాయో లేదో చూచుకొన్నాను. మూడు కదిలాయి. గేరుబాక్సుది మొండికేసింది. దానితో పోరాటానికే గంట పట్టింది. చేతిచర్మం రెండుచోట్ల లేచిపోయింది. దాని అడుగు బిరడాను మాత్రం ముట్టలేదు. చివరకు అన్నయ్య ఒక ఇనుప గొట్టాన్ని పానాకు తొడిగి, పిడి పొడవు పెంచి, ఒక్క తోపుతో కదిలించాడు. రైతు ఇంట ఇటువంటి ఉపాయాలు గోడకు వేలాడుతూ ఉంటాయి.

వెనుక హౌసింగు నుండి కారిన చమురు ఈసారి లేతగా మసకబారి ఉన్నదే గాని పాలరంగు లేదు. ముందుది నల్లగా వచ్చింది. గొట్టాన్ని హౌసింగు రంధ్రంలో పెట్టి నేను కింద పడుకొన్నాను. అబ్బాయి పైన గరాటు పట్టుకొని పోయసాగాడు. చిక్కని చమురు గొట్టంలో చీమవలె కదిలింది. "చిన్నాయనా, డబ్బను ఎండల పెడితే పలుచనైతది గదా!" అన్నాడు వాడు. అరగంట ఎండలో పెట్టాము. ఆ తరువాత ధార చక్కగా దిగింది. రంధ్రం అంచున ఒక బొట్టు పుట్టి, నిలిచి, నా చొక్కామీద పడింది. ఆ మరక ఇప్పటికీ పోలేదు.

గంధకపు వాసన కళ్ళమంతా వ్యాపించింది. అరుగుమీద కూర్చొన్న అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "ఏందిర గీ కంపు?" అన్నది.

"కందెన పెడుతున్నానమ్మా" అన్నాను.

ఆమె కొంతసేపు నావైపు చూచి, "ఇప్పుడా?" అన్నది. అంతకుమించి ఏమీ అనలేదు. రెండేళ్ళనాటి ప్రశ్నను ఆమె మరచిపోలేదని నాకు తెలిసింది.

పాత చమురు మొత్తం ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి ఎత్తాము. తొట్టికి అంటినదీ, ఇసుకలో చిందినదీ పోగా అయిదు లీటర్లకు పైగా వచ్చింది. చిందినచోట మట్టిని అబ్బాయి పారతో గీసి ఒక సంచిలో కట్టాడు. అన్నయ్య, "గింత దూరం మోస్కపోవుడెందుకు తమ్మీ, కంచె గుంజలకు పూస్త" అన్నాడు. అడుగడం సహజమే. నేను ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పడానికి నా దడి కథ చెప్పవలసి వచ్చింది. వాగువైపు ఒకసారి చూచి అన్నయ్య ఊరకున్నాడు. ఆ వాగు నీటితోనే ఆయన క్యారెట్లు కడుగుతాడు.

తిరుగుప్రయాణంలో రేడియో పెట్టలేదు. మర్రిచెట్ల నడుమ బండి గొంతు వింటూ వచ్చాను. తంబురా లేదు. కాళ్ళవద్ద చమురు డబ్బా ప్రతి మలుపులోనూ ఒరుగుతూ ఉంటే అబ్బాయి దానిని రెండు కాళ్ళతో అదిమి పట్టుకొన్నాడు. నాలుగు రోజులు మా ఇంట ఉండడానికి వాడు కూడా వచ్చాడు.

మేస్త్రీ షెడ్డు మూయబోతున్నాడు. నా చొక్కా చూచి, డబ్బా చూచి, మాట్లాడకుండా డ్రమ్ము మూత తీశాడు. మట్టిసంచిని పక్కన పెట్టించుకొన్నాడు. డబ్బాను గరాటుమీద బోర్లించి పట్టుకొన్నాను. మొదట ధారగా, తరువాత తీగగా, ఆపైన బొట్లుబొట్లుగా దిగింది. ఇక చాలునని తీయబోతే ఆయన చేయి అడ్డం పెట్టి, "ఉండుండ్రి సార్, ఇంక ఉన్నది" అన్నాడు. చీకటి పడుతున్నది. ముగ్గురమూ డ్రమ్ము చుట్టూ నిలబడి ఆ బొట్లను చూస్తూ ఉన్నాము. చాలాసేపు పట్టింది.